హుస్సేన్‌సాగర్ మీద ముసురు సాయంత్రం: మసక వెలుతురులో తెరచాప పడవల ఫోటోలు (కేస్ స్టడీ)

నీళ్ల మీద తీసిన ఫోటో షేక్ అయితే అందరూ ముందు ఎదుటి పడవ వేగాన్నే తప్పుపడతారు. లెక్క వేసి చూస్తే దోషం చాలా వరకు మనం కూర్చున్న పడవది. ఈ ఒక్క విషయం మొదట్లో పట్టించుకోకపోవడం వల్ల ఒక షూట్‌లో తొలి అరగంట ఎలా వృథా అయిందో, తర్వాత ఏం మార్చితే దారిలో పడిందో ఇక్కడ వివరంగా ఉంది.

పని

హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు సెయిలింగ్ నేర్పే ఒక శిబిరం రెండు రకాల ఫోటోలు అడిగింది. మొదటిది, ప్రతి పిల్లాడికీ పిల్లకీ తన పడవలో ఒక్కో ఫోటో. ముఖం గుర్తుపట్టాలి, సెయిల్ (తెరచాప) మీద నంబరు చదవగలగాలి. రెండోది, గోడకు 24×36 అంగుళాల ప్రింటు వేయడానికి నాలుగైదు ఫ్రేములు. వాటిలో వాన, గాలి, కారుమబ్బు కనిపించాలి. ఎండలో తీసినవి వాళ్ల దగ్గర ఇప్పటికే బోలెడు ఉన్నాయి.

నీళ్ల మీద ఎనిమిది ఆప్టిమిస్టులు, నాలుగు లేజర్లు (ఇప్పుడు వీటి అధికారిక పేరు ఐఎల్‌సీఏ). ఆప్టిమిస్టు ఏడున్నర అడుగుల చిన్న పడవ, ఒక్క పిల్ల కూర్చుంటుంది. లేజరు 4.2 మీటర్లు, నీటి మట్టం నుంచి మాస్టు (తెరచాప కొయ్య) చివరి దాకా దాదాపు ఏడు మీటర్లు ఫ్రేములో పట్టాలి. జూలైలో ఒక సాయంత్రం, 4:30 నుంచి 7:10 దాకా సమయం. ఫోటోగ్రాఫర్లు ఇద్దరు: ఒకరు రెస్క్యూ బోటులో, ఒకరు ట్యాంక్‌బండ్ (చెరువు తూర్పు గట్టు) మీద. పక్కనే బేగంపేట విమానాశ్రయం ఉంది, పైగా ఈదురుగాలి, కాబట్టి డ్రోన్ మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లల ఫోటోలు కనుక తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి శిబిరం వాళ్లే ముందుగా తీసుకున్నారు. ఆ కాగితాలు చేతిలో లేకుండా ఇలాంటి పని ఒప్పుకోకూడదు.

బోటులోకి వెళ్లిన సామాను: 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ బాడీలు రెండు. ఒకదానికి 70-200 ఎం.ఎం. ఎఫ్ 2.8 జూమ్ లెన్సు, రెండోదానికి 100-400 (చివరికి వెళ్తే ఎఫ్ 5.6). ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. నీళ్ల మీద లెన్సు మార్చే పని పెట్టుకోకూడదు, అందుకే రెండు బాడీలు. రెండు రెయిన్ కవర్లు, మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు (ఒక్కొక్కటీ విడి జిప్‌లాక్ కవరులో), నీరు చొరని సంచి ఒకటి, లైఫ్ జాకెట్. గట్టు మీద ఫోటోగ్రాఫరుకు 150-600 జూమ్, మోనోపాడ్, పెద్ద గొడుగు. రెండు చోట్లా పోలరైజర్ (నీటి మీది తళుకును తగ్గించే ఫిల్టరు) తీసి పక్కన పెట్టారు. అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది (ఒక స్టాపు పోయిందంటే వెలుతురు సగమైనట్టు), ముసురులో దాని వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. టెలీకన్వర్టరు (దూరాన్ని ఇంకా దగ్గరగా చూపడానికి లెన్సు వెనక తగిలించేది) సంగతీ ఇంతే: 1.4 రకం ఒక స్టాపు, 2 రకం రెండు స్టాపులు తింటుంది.

గాలి, మబ్బు, నిలబడే చోటు

నైరుతి రుతుపవనాల గాలి ఇక్కడ పడమటి నుంచి వస్తుంది. ఊళ్లో సెయిలింగ్‌కు అసలు సీజను ఇదే. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జెండా ఎగురుతున్న రోజున చెరువులో ఏ మూల నుంచి చూసినా గాలి దిక్కు దాన్ని బట్టే తెలిసిపోతుంది. ఆ సాయంత్రం గాలి 12 నుంచి 15 నాట్లు, అంటే గంటకు 22 నుంచి 28 కిలోమీటర్లు. అప్పుడప్పుడు దాన్ని మించిన విసురు. నీళ్ల మీద తెల్ల నురుగు అక్కడక్కడ మొదలయ్యే గాలి ఇది.

పడమటి గాలి కాబట్టి అలలు నెక్లెస్ రోడ్డు వైపు చిన్నగా పుట్టి, ట్యాంక్‌బండ్ చేరేసరికి పెరుగుతాయి. గట్టు రాతి గోడకు తగిలి వెనక్కి తిరుగుతాయి కూడా. పోయే అల, వచ్చే అల కలిసి గట్టు దగ్గర నీరు కుతకుతలాడుతుంది. ఏ దిక్కున ఊగుతుందో ముందే అందని నీరు అది; అక్కడి నుంచి టెలీ లెన్సుతో తీయడం దండగ. రెస్క్యూ బోటుకు చెరువు పడమటి సగమే సరైన చోటు.

అక్కడ మరో లాభం ఉంది. గాలికి ఎదురు వెళ్లే పడవలు అడ్డదిడ్డంగా టాక్ చేస్తూ (అటోసారి ఇటోసారి మలుపు తిరుగుతూ) పడమరకే వస్తాయి, పిల్లల ముఖాలూ అటే ఉంటాయి. సాయంత్రం పడమట మబ్బు కింద సన్నని చీలిక తెరుచుకుంటే ఆ వెలుతురు నేరుగా వాళ్ల ముఖాల మీద, సెయిళ్ల మీద పడుతుంది. వెనక తూర్పున ట్యాంక్‌బండ్ మీద నల్లటి మబ్బు. ముందు తెల్లగా వెలిగే తెరచాప, వెనక బొగ్గులాంటి ఆకాశం. ముసురు సాయంత్రంలో ఇంతకన్నా మంచి వెలుతురు దొరకదు. అయితే అది ఐదు పది నిమిషాలకు మించి ఉండదు. అప్పటికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చోవాలి.

గట్టు మీద ఫోటోగ్రాఫరుకు ఇదే తిరగబడుతుంది. ఆయన చూసేది పడమరకు. పడవలు నల్లని నీడబొమ్మలు, నీరు వెండిరేకు. ముఖాల పని ఆయనది కాదు కనుక అది నష్టమేమీ కాదు. ఆయన జాగ్రత్త పడాల్సింది వెనక కనిపించే కట్టడాల గురించి. 18 మీటర్ల బుద్ధ విగ్రహం సెయిల్ నెత్తిన మొలిచినట్టు వస్తే ఆ ఫ్రేము పనికిరాదు. విగ్రహానికీ పడవకూ మధ్య కనీసం ఒక సెయిల్ వెడల్పు ఖాళీ ఉండేలా గట్టు మీద అటూఇటూ నడవాలి. మనం జరిగిన కొద్దీ విగ్రహం ముందు పడవ చోటు మారుతుంది.

ముఖం దొరికే కోణం గురించి కొత్తవాళ్లు తరచూ పొరపడతారు. సెయిలింగ్ చేసే మనిషి గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని వెనక్కి వాలతాడు, సెయిల్ అవతలి వైపుకు ఉబ్బుతుంది. గాలి పోయే వైపు నుంచి తీస్తే మనిషిని సెయిల్ కప్పేస్తుంది. గాలి వచ్చే వైపు నుంచి అడ్డంగా తీస్తే వీపు దొరుకుతుంది. ముఖం కావాలంటే పడవకు దాదాపు ఎదురుగా, గాలి వైపుకు ఇరవై ముప్పై డిగ్రీలు జరిగి ఉండాలి. అక్కడైతే ముఖం, పడవ మూతి చీల్చే నీటి తుంపర, సెయిల్ నంబరు మూడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. దూరం ముప్పై నలభై మీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా దగ్గరైతే మన బోటు రేపే అల పిల్లల పడవకు తగులుతుంది, అది వాళ్ల సాధనకు అడ్డు. ఫోటో కోసం ఎవరి పందెమూ పాడుచేయకూడదు, ఇందులో బేరం లేదు.

70-200ను 200 ఎం.ఎం. దగ్గర నిలువుగా పట్టుకుంటే, నలభై మీటర్ల దూరంలో ఫ్రేములో 7.2 మీటర్ల ఎత్తు పడుతుంది, అంటే లేజరు మాస్టుతో సహా సరిగ్గా. 400 ఎం.ఎం.తో ఎనభై మీటర్ల దగ్గర కూడా అంతే. ఎఫ్ 2.8 పూర్తిగా తెరిస్తే ఫోకస్ లోతు చాలదేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. 200 ఎం.ఎం., ఎఫ్ 2.8, నలభై మీటర్లు అంటే దాదాపు ఆరున్నర మీటర్ల లోతు ఉంటుంది. పడవ మొత్తం అందులో ఇమిడిపోతుంది. ఈ దూరాల్లో 2.8ను మూసి 5.6కు వెళ్లడం వల్ల వచ్చేదేమీ లేదు, రెండు స్టాపుల వెలుతురు పోవడం తప్ప.

మొదటి అరగంట ఎందుకు పోయింది

4:30కు మబ్బు ఉన్నా వెలుతురు ఫర్వాలేదు, ఈవీ 12 ప్రాంతం (ఈవీ వెలుతురు కొలత, ఒక అంకె తగ్గితే వెలుతురు సగం). పిల్లల పడవలు నెమ్మదిగానే పోతాయి కదా అని బోటులో షట్టరు 1/320 సెకను పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 200 దగ్గర నాయిస్ (ఫోటో మీద ఇసక చల్లినట్టు చుక్కలు) లేకుండా తీశారు. వెనక స్క్రీను మీద అన్నీ బాగానే కనిపించాయి. 5 గంటలకు ఒక ఫ్రేము నూరు శాతం పెద్దది చేసి చూస్తే సెయిల్ నంబరు రెండుగా ఉంది. ముందరివీ అంతే. ఒకటో రెండో తప్ప అన్నీ షేక్.

ఇక్కడ లెక్క చూడాలి. ఆప్టిమిస్టో లేజరో ఈ గాలిలో ఐదు నాట్ల వేగంతో అడ్డంగా పోతోంది అనుకుందాం. సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు. నలభై మీటర్ల దూరంలో 200 ఎం.ఎం. లెన్సు దాన్ని సెన్సరు మీద సెకనుకు 12.5 మిల్లీమీటర్ల వేగంగా చూపిస్తుంది. 1/320 సెకనులో అది జరిగేది 0.04 మిల్లీమీటరు. 24 మెగాపిక్సెల్ సెన్సరులో ఒక పిక్సెల్ 6 మైక్రాన్లు, కాబట్టి ఆరేడు పిక్సెళ్ల చెదురు. లెన్సు పడవతో పాటు తిప్పితే అదీ చాలా తగ్గుతుంది.

ఇప్పుడు మన బోటు సంగతి. అడుగు ఎత్తు అలల మీద, గాలికి అడ్డంగా ఉన్న చిన్న రబ్బరు బోటు ఇటు ఎనిమిది, అటు ఎనిమిది డిగ్రీలు మూడు సెకన్లకోసారి ఊగుతుంది. నిటారుగా ఉన్న క్షణంలో ఆ ఊపు అత్యధికం: సెకనుకు దాదాపు 17 డిగ్రీలు. 200 ఎం.ఎం. లెన్సులో అది సెన్సరు మీద సెకనుకు 58 మిల్లీమీటర్లు. 1/320లో ముప్పై పిక్సెళ్లు! ఎదుటి పడవ చేసే నష్టానికి నాలుగైదు రెట్లు. లెన్సులోని స్టెబిలైజరు చేతి వణుకును ఆపడానికి పుట్టింది. ఇంత పెద్ద ఊపుకు దాని పరిధి చాలదు, కొసకు వెళ్లి ఆగిపోతుంది.

షట్టరు 1/1000 చేస్తే ఆ ముప్పై పదికి దిగుతుంది. 24×36 ప్రింటులో పది పిక్సెళ్లంటే ఒకటిన్నర మిల్లీమీటరు. సెయిల్ నంబరు అంచు మీద కంటికి తెలుస్తుంది. షట్టరు ఒక్కటే సరిపోదన్నమాట.

మిగతాది వేలితో, నడుముతో, బోటు నడిపే మనిషితో సాధించాలి. ఉయ్యాల చూడండి. మధ్యలో జోరుగా పోతుంది, రెండు చివర్లా ఒక్క క్షణం ఆగుతుంది. బోటూ అంతే. ఒక పక్కకు పూర్తిగా ఒరిగి తిరిగి లేవబోయే ముందు సుమారు పావు సెకను పాటు దాని ఊపు అసలు జోరులో నాలుగో వంతుకు మించదు. ఆ పావు సెకనులో 1/1000తో తీస్తే చెదురు రెండు మూడు పిక్సెళ్లే. సెకనుకు పది ఫ్రేములు తీసే కెమెరాకు అందులో రెండు మూడు ఫ్రేములు దొరుకుతాయి. బటను నొక్కిపట్టి ఎడాపెడా బరస్టు కొట్టడం కాకుండా, బోటు ఒరిగి ఆగిన ప్రతిసారీ మూడేసి ఫ్రేములు కొట్టడం పద్ధతి. మొదట పది నిమిషాలు కష్టంగా ఉంటుంది. తర్వాత కడుపులో ఆ ఊపు తెలుస్తుంది, వేలు దానికదే కదులుతుంది.

బంగాళాఖాతంలో, విశాఖ రేవు బయట పని చేసిన వాళ్లకు ఇక్కడ ఇబ్బంది ఎక్కువే. సముద్రం మీద దూరం నుంచి వచ్చే పెద్ద అల ఎనిమిది పది సెకన్లకు ఒకటి. శిఖరం మీద బోటు ఆగే క్షణం కూడా దీర్ఘం. చెరువు అల పొట్టిది, గుచ్చుకుంటుంది. ఎత్తు చిన్నదని తేలిగ్గా తీసుకుంటే మోసపోతాం.

బోటులో మార్చినవి

మొదటిది, బోటు దిక్కు. గాలికి అడ్డంగా నిలిపితే ఊపు అత్యధికం, మూతి గాలికి పెడితే బాగా తగ్గుతుంది. దానికి తోడు, ఫోటోను బోటు పొడుగు దిక్కులో, అంటే మూతి మీదుగానో వెనక అంచు మీదుగానో తీస్తే బోటు పక్కకు ఊగినా లెన్సు లక్ష్యం మీదే ఉంటుంది. ఫ్రేము కొంచెం వంకర తిరుగుతుందంతే. వంకర క్రాపులో సరి చేసుకోవచ్చు. చెదురును ఎవరూ సరి చేయలేరు. అందుకని మూతి పడమరకు పెట్టించి, ఫోటోగ్రాఫరు బోటు ముందు సగంలో వెనక్కి తిరిగి కూర్చుని, వెనక మూల మీదుగా తూర్పుకు తీశారు. బోటు నడిపే అన్న ఒక పక్కకు ఒదిగి కూర్చున్నాడు.

రెండోది, ఇంజను. ఐడిల్‌లో ఉన్నా దాని వణుకు రబ్బరు గొట్టాల గుండా మోచేతులకు ఎక్కుతుంది. గేరు వేసి ఉంటే మరీ ఎక్కువ. పడవల గుంపు దగ్గరికొచ్చినప్పుడు "అన్నా, మూతి గాలికి పెట్టి గేరు తీసెయ్, జర ఆగు" అని ముందే మాట అనుకుని ఉండాలి. న్యూట్రల్‌లో పదిహేను ఇరవై సెకన్లకు మించి బోటు మూతి గాలికి నిలవదు, మెల్లగా అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఒక్క తోపు, మళ్లీ న్యూట్రల్. ఇది తెలిసిన డ్రైవరు దొరికితే మంచి లెన్సు దొరికినట్టే. ఒడ్డున పది నిమిషాలు కూర్చుని ఆయనకు నాలుగు ఫోటోలు చూపించి, ఏం కావాలో చెప్పడం పనిలో భాగమే.

మూడోది, కూర్చునే తీరు. బోటు అడుగున, మధ్యలో, వీలైనంత కిందకు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి గానీ బోటు గొట్టానికి కాదు. మోకాళ్లు వెడల్పుగా పెట్టి నడుము వదులుగా ఉంచితే సగం ఊపును ఒళ్లే మింగేస్తుంది. ట్రైపాడ్, మోనోపాడ్ బోటులో వద్దు. ఇంజను వణుకును నేరుగా కెమెరాకు మోసుకొచ్చే కర్రలవి.

ఎక్స్‌పోజరు: సెయిల్ కాలకూడదు

5:20కి నల్ల మబ్బు పైకి వచ్చింది, వెలుతురు ఈవీ 10కి, కాసేపట్లో 9కి పడింది. ఈవీ 10 దగ్గర ఎఫ్ 2.8, 1/1000కు ఐఎస్ఓ 800 చాలు. అదే 100-400 మీద ఎఫ్ 5.6 అయితే 3200 కావాలి. ఈవీ 8కి వస్తే 2.8 మీద 3200, 5.6 మీద 12800. వెలుతురు తగ్గిన కొద్దీ ఏ లెన్సు సంచిలోకి పోవాలో ఈ అంకెలే చెబుతాయి. 5:40కి 100-400 సంచిలోకి పోయింది.

కెమెరా మీటరు ఈ దృశ్యంలో నమ్మదగింది కాదు. వెనక నల్ల మబ్బు, ముదురు నీరు చూసి "చీకటిగా ఉంది" అనుకుని ఎక్స్‌పోజరు పెంచుతుంది, తెల్ల సెయిల్ బర్న్ అవుతుంది. నంబరు, కుట్లు, గుడ్డ మడతలు అన్నీ పోయి తెల్ల కాగితం మిగులుతుంది. ఆటో ఐఎస్ఓ పెడితే ఇంకో బాధ: సెయిల్ ఫ్రేము నిండా ఉంటే ఒకలా, మబ్బు ఎక్కువ ఉంటే ఒకలా, పక్కపక్క ఫ్రేములకే పొంతన ఉండదు. మాన్యువల్ ఒక్కటే దారి. వెలుతురు పడిన సెయిల్ మీద స్పాట్ మీటరు (ఒక్క చిన్న చోటునే కొలిచే పద్ధతి) పెట్టి, అది ప్లస్ ఒకటిన్నర నుంచి ప్లస్ రెండు మధ్య వచ్చేలా ఐఎస్ఓ అమర్చాలి. మబ్బు కదులుతున్నంత సేపు ఐదు నిమిషాలకోసారి మళ్లీ చూసుకోవాలి. చీలిక తెరుచుకున్న ఆ ఐదు పది నిమిషాల్లో అయితే నిమిషానికోసారి.

నాయిస్ భయంతో ఐఎస్ఓ తగ్గించి, తర్వాత కంప్యూటరులో రెండు మూడు స్టాపులు పైకి లాగుదామనే అలవాటు చాలామందిది. అందులో కలిసొచ్చేది లేదు. నాయిస్ దాదాపు అంతే ఉంటుంది, పైగా తీసేటప్పుడు వెనక స్క్రీను చీకటిగా ఉండి ఫోకస్ తప్పింది తెలియదు. ఐఎస్ఓ 6400 దగ్గర సరైన ఎక్స్‌పోజరు ఇవ్వడమే మేలు. ఈ షూట్‌లో పై హద్దు 12800 అనుకున్నారు. నాయిస్‌ను తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగున్నాయి, ఆరడుగుల దూరం నుంచి చూసే గోడ ప్రింటులో అది అసలు తెలియదు. షేక్ అయిన ఫోటోను బాగుచేసే మందు మాత్రం ఎక్కడా లేదు.

ఫోకస్ ఎక్కడికి పారిపోయింది

ముసురులో ఆటోఫోకస్ మూడు చోట్లకు పారిపోతుంది: కెమెరాకు దగ్గరగా రాలే చినుకులకు, ముందున్న అల నురుగుకు, సాయంత్రం దిగాక వెనక వెలిగే వీధిదీపాలకు. ఉబ్బిన తెల్ల సెయిల్ మధ్యలో పట్టుకోవడానికి గీత ఉండదు, అక్కడ పాయింటు పెడితే లెన్సు ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది. పిల్లల లైఫ్ జాకెట్టు ముదురు నారింజ రంగు. జాకెట్టుకూ మెడకూ మధ్య అంచు మీద చిన్న జోన్ పెడితే గట్టిగా పట్టుకుంటుంది. అది కప్పబడితే సెయిల్ నంబరు. ముఖం వెతికే ఆటో మోడు దగ్గరి దూరంలో పనిచేసింది గానీ, వాన జోరయ్యాక టోపీ నీడలో ముఖాన్ని వదిలేసి పక్క పడవకు ఎగిరింది, దాన్ని ఆపేశారు. ట్రాకింగ్‌లో అడ్డొచ్చిన వాటికి లొంగకుండా పట్టుదలగా ఉండే సెట్టింగు పెట్టి, ఫోకస్‌ను షట్టరు బటను నుంచి విడదీసి బొటనవేలి బటనుకు మార్చారు. నురుగు అడ్డొస్తే బొటనవేలు ఎత్తేస్తే చాలు, ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది.

వాన ఫోటోలో కనబడాలంటే

1/1000తో తీస్తే వాన కనబడదు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. 1/1000లో అది ఆరు మిల్లీమీటర్ల చుక్క, పొగమంచులా కలిసిపోతుంది. 1/125 దగ్గర ఐదు సెంటీమీటర్ల గీత అవుతుంది, నల్ల మబ్బు ముందు వెండి దారంలా కనిపిస్తుంది. ఊగే బోటు నుంచి 1/125 కుదరదు. ఈ పని గట్టు మీద ఫోటోగ్రాఫరుది. ట్యాంక్‌బండ్ రైలింగుకు దగ్గరగా, గొడుగు కింద, మోనోపాడ్ మీద 1/125, 1/160 మధ్య ఆయన తీశారు. బరువైన వాహనం పోయినప్పుడు కాలి కింద నేల అదురు 600 ఎం.ఎం. దగ్గర ఫ్రేములో తెలుస్తుంది, కాబట్టి బస్సు దాటేదాకా ఆగాలి. 400 దగ్గర ఆ బెడద చాలా తక్కువ.

గట్టు మీద జరిగిన పొరపాటు వేరు. కారులో ఏసీ వేసుకొచ్చి, దిగగానే కెమెరా బయటకు తీశారు. చల్లటి అద్దం మీద తడిగాలి తగిలితే ఏమవుతుందో తెలిసిందే: ముందు అద్దం, వ్యూఫైండరు, చివరకు లోపలి అద్దం కూడా మసకబారాయి. పైన తుడిచినా లోపలిది పోదు. ఇరవై నిమిషాలు పని ఆగింది. వచ్చే దారిలోనే ఏసీ ఆపేసి, కెమెరా సంచి మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు చేయాలి.

ముందు అద్దం మీద చినుకు పడితే ఎఫ్ 2.8 దగ్గర అది చుక్కలా కనబడదు. ఆ మేర కాంట్రాస్టు తగ్గి మెత్తబడుతుంది. స్క్రీను మీద తెలియదు, ఇంటికొచ్చాకే తెలుస్తుంది. హుడ్ తప్పనిసరి. తీయనప్పుడు లెన్సు నేలకేసి ఉంచాలి, పదేసి ఫ్రేములకోసారి అద్దం కంటితో చూడాలి. ఒక గుడ్డ తడిస్తే మళ్లీ దాన్నే వాడకుండా కొత్త జిప్‌లాక్ తెరవాలి. కొన్ని లెన్సులకు ముందు ఫిల్టరు బిగిస్తేనే నీటి రక్షణ పూర్తవుతుంది, వాటికి మామూలు క్లియర్ ఫిల్టరు ఉండాలి.

ఉరుము

5:50కి మెరుపు కనబడి 28 సెకన్లకు ఉరుము వినబడింది. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లలోపు ఉంటే నీళ్ల మీద ఎవరూ ఉండకూడదు. చదునైన నీటి మీద లోహపు మాస్టు పిడుగును పిలిచే కడ్డీ. కోచ్ ఈల వేశాడు, అందరూ ఒడ్డుకు. గట్టు మీద ఫోటోగ్రాఫరు కూడా గొడుగు మూసి కారులోకి. అంతకుముందు నుంచే వాతావరణ శాఖ హైదరాబాద్ రాడారు బొమ్మలూ, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూస్తూ ఉన్నారు. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలన్నది నియమం. చివరిది 6 గంటలకు, అందుకని 6:30 దాకా ఎవరూ కదల్లేదు. చీలిక వెలుతురు ఆ సమయంలోనే మరోసారి వచ్చి పోయింది. పోనివ్వాలి.

6:30 తర్వాత

ఆప్టిమిస్టుల్ని మళ్లీ దింపలేదు. నాలుగు లేజర్లు మాత్రం వెళ్లాయి. ఉరుముల మబ్బు దాటాక గాలి చచ్చుబడడం మామూలే. 6:50కల్లా సెయిళ్లు వేలాడాయి. ఊళ్లో ఆ రోజుల్లో సూర్యాస్తమయం దాదాపు అప్పుడే. రెస్క్యూ బోటు నాలుగింటినీ ఒకే తాడుకు కట్టి లాక్కొచ్చింది. గాలి లేదు, అలలు లేవు, అన్నీ ఒకే వేగంతో వరుసగా వస్తున్నాయి. ఈవీ 6, తర్వాత 5. ఎఫ్ 2.8, 1/125, ఐఎస్ఓ 1600, చివరకు 3200. సాయంత్రం మొత్తంలో నిదానంగా కూర్పు చూసుకుని తీసింది ఈ ఇరవై నిమిషాలే. గోడకెక్కిన ఐదింటిలో రెండు ఇక్కడివి.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. నెక్లెస్ రోడ్డు దీపాలు వెలిగాక, ఎలక్ట్రానిక్ షట్టరుతో తీసిన ఫ్రేముల్లో వెనక దీపాల దగ్గర అడ్డచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వరుసలు వరుసలుగా చదివే షట్టరు ఆ మిణుకును చారలుగా రాస్తుంది. మెకానికల్ షట్టరుకు మార్చి 1/100 పెడితే పోయాయి. దీపాలు వెలిగే వేళకు ముందే మార్చి ఉంచుకోవాల్సింది.

కంప్యూటరు ముందు

అన్నీ రా ఫైళ్లు (సెన్సరు చదివింది చదివినట్టే దాచినవి). ముందు నాయిస్ తగ్గించడం, తర్వాతే షార్ప్‌నెస్. తిరగేస్తే నాయిస్ చుక్కలే పదునెక్కుతాయి. డీహేజ్ (మసకను తగ్గించే సర్దుబాటు) ఫ్రేము మొత్తానికి లాగితే సెయిల్ చుట్టూ తెల్ల వలయం వస్తుంది, కాబట్టి ఆకాశానికి విడిగా మాస్కు వేసి కొద్దిగానే. వైట్ బ్యాలెన్సు మబ్బు వేళకు 6000-6500 కెల్విన్. సూర్యుడు దిగాక నీలాన్ని పూర్తిగా చంపకుండా 5500 దగ్గర వదిలేస్తేనే ఆ వేళ ఆ వేళలా ఉంటుంది. నీటి రంగు గురించి ఒక్క మాట. హుస్సేన్‌సాగర్ నీరు వాన రోజున బూడిద కలిసిన ఆకుపచ్చ. దాన్ని సముద్రపు నీలంగా మార్చమని అడిగేవాళ్లుంటారు. మార్చకూడదు, చూసిన ప్రతి హైదరాబాదీకీ అబద్ధమని తెలిసిపోతుంది.

సామాను ఆరబెట్టడం అదే రాత్రి జరగాలి. ఇది మంచినీటి చెరువన్న ధీమా వద్దు, నాలాల నీరు కలిసే చోటు. తుంపర పడిన చోటల్లా ముందు మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, తర్వాతే పొడి గుడ్డ వాడాలి. సముద్రం నుంచి వచ్చినా ఇదే వరుస, అక్కడ ఉప్పు పలుకులు పొడి గుడ్డ కింద అద్దాన్ని గీస్తాయి కనుక ఇంకా ముఖ్యం. బ్యాటరీ, కార్డు తీసి మూతలు తెరిచి, జూమ్ పూర్తిగా బయటకు లాగి, ఫ్యాను కింద రెండు గంటలు. ఆ తర్వాతే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలోకి. రెయిన్ కవర్లను విడిగా తిరగేసి ఆరేయాలి. తడి కవరుతో పాటు కెమెరాను సంచిలో పడుకోబెడితే తెల్లారేసరికి లెన్సు లోపల మసక, వారంలో బూజు.